మావాడి బ్లాడర్‌ని నిలబెట్టినవాళ్లందరికీ కృతజ్ఞతలు

మా అబ్బాయికి ట్రాన్స్‌ప్లాంట్ అయిందని తెలిసి ఫోన్ చేసినవాళ్లంతా కిడ్నీ ఎలా ఉందనే అడుగుతున్నారు. బాగుంది. ఇచ్చిన వాళ్లమ్మ కూడా బాగుంది. ఆ కిడ్నీకి ఆధారమైన బ్లాడర్, అంటే మూత్రం నిలిచే సంచి, సంగతి మాత్రం ఎవరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను.

వాడికి పుట్టుకతోనే మూత్రం దారిలో అడ్డుపొరలు. మగపిల్లలకే వచ్చే జబ్బిది. పసితనంలోనే పొరలు తీయించినా, అప్పటికే బ్లాడర్ గట్టిపడిపోయింది. లోపల ప్రెషర్ పెరిగి, మూత్రం పైకి ఎగదన్ని రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. ఇంటర్‌లో ఉండగా డయాలసిస్ మొదలైంది. "ఈ బ్లాడర్‌తో కొత్త కిడ్నీ పెట్టినా పోతుంది" అని ఒకచోట వెనక్కి పంపేశారు. మాట నిజమే. కానీ బ్లాడర్‌ని బాగుచేసే దారి ఉందని అక్కడ చెప్పినవాళ్లు లేరు.

చెప్పింది హైదరాబాద్‌లో మా యూరాలజీ డాక్టరు గారు. ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి మరీ చూపించారు. చిన్నపేగులో ముక్క తీసి బ్లాడర్‌కి అతికితే సంచి పెద్దదై ప్రెషర్ తగ్గుతుంది. అపెండిక్స్‌తో బొడ్డు దగ్గరికి సన్నటి దారి చేస్తే, అక్కణ్నుంచి పైపుతో మూత్రం తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో మిత్రోఫనాఫ్ అనే సర్జన్ 1980లో చెప్పిన పద్ధతట. ముందు ఆ ఆపరేషన్, అంతా మానాక ట్రాన్స్‌ప్లాంట్. రెండోసారి కోసేటప్పుడు పేగు ముక్కకి రక్తం తెచ్చే నాళాలు దెబ్బతినకూడదని ముందే చెప్పారు కాబట్టి, ఆ రోజు మా టెన్షన్ రెండింతలు!

ఇక వార్డులో సిస్టర్ గారు. బ్లాడర్‌కి అతికినా పేగు పేగే, జిగురు వదులుతూనే ఉంటుంది. కడగకపోతే రాళ్లు, ఇన్‌ఫెక్షన్లు. రోగనిరోధక శక్తిని తగ్గించే ట్రాన్స్‌ప్లాంట్ మందులు వాడేవాడికి ఇన్‌ఫెక్షన్ అంటే మాటలు కాదు. పెద్ద సిరంజితో సెలైన్ మెల్లగా ఎక్కించి వెనక్కి లాగుతూ, కోడిగుడ్డు తెల్లసొనలాంటి తీగలు రావడం ఆగేదాకా కడగాలని నేర్పారు. మావాడు సిగ్గుపడి దుప్పటి తీయనంటే, "అక్క దగ్గర సిగ్గేంట్రా" అని నవ్వించి, మమ్మల్ని బయటికి పంపేసి వాడిచేతే చేయించారు. ఇప్పుడు మూడు నాలుగు గంటలకోసారి పైపు వాడే పెట్టుకుంటాడు.

యూరిన్ కల్చర్‌లో బ్యాక్టీరియా అని వచ్చినప్పుడల్లా నేను హడలిపోయి ఫోన్ చేస్తే, "పేగు బ్లాడర్‌లో అది మామూలేనండీ, జ్వరం ఉందా, నొప్పి ఉందా?" అని విసుక్కోకుండా అడిగే నెఫ్రాలజీ మేడం గారికి, ఆరోగ్యశ్రీ కాగితాలన్నీ దగ్గరుండి చూసిన ఆరోగ్యమిత్రకి, మా కిరాణా కొట్టు ఒక్కరోజూ మూతపడనివ్వని మా బావమరిదికి, స్టాఫ్ వాష్‌రూమ్ తాళంచెవి ఒకటి మావాడికే ఇచ్చేసిన కాలేజీ ప్రిన్సిపాల్ గారికి చేతులెత్తి నమస్కారాలు.

మీకు తెలిసిన పిల్లలెవరికైనా బ్లాడర్ బాగాలేదని ట్రాన్స్‌ప్లాంట్ కాదన్నారా? నన్ను అడగండి. డాక్టరు గారి ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో చెబుతాను. పైపు పెట్టుకోవడం తాను నేర్పిస్తానని మావాడు అంటున్నాడు.