నంబరు చెరిపేసిన ఇంజిన్లు అమ్మితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారి పాత యమహా ఆర్‌ఎక్స్ 100ని ఆటోనగర్ పాత సామాన్ల షాపుల్లో కొన్న పార్టులతో మళ్లీ రోడ్డెక్కించాను. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, కొన్ని పార్టులకి సెకండ్‌హ్యాండే గతి. పనితనానికి మాత్రం మన విజయవాడలో కొదవలేదు. లేత్ దగ్గర పెద్దాయన సిలిండర్ లోపల వేలు తిప్పి, గీత గోరుకి తగలగానే, "రింగులు మారిస్తే సరిపోదు బాబూ, బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వెయ్యాల్సిందే" అనేశాడు. అంటే సిలిండర్‌ని లోపల కాస్త వెడల్పు చేసి, దానికి సరిపడే పెద్ద పిస్టన్ వెయ్యాలన్నమాట. కొలిస్తే అదే తేలింది.

టెన్షనంతా ఇంజిన్ కేసుతోనే, అంటే ఇంజిన్ నంబరు కొట్టి ఉండే బయటి గుల్లతో. ఒక షాపులో చూపించిన కేసు మీద నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టి నున్నగా అరగదీసేశారు, బిల్లు అడిగితే "పాత సామానుకి బిల్లేంటండీ" అని నవ్వారు. అది దొంగబండిదైతే రేపు పోలీసుల ముందు నిలబడేది కొన్నవాడేగా! ఇంజిన్ మారిస్తే కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాలి, 15 ఏళ్లు దాటిన బండికి 5 ఏళ్లకోసారి రెన్యువల్ కూడా తప్పదు, ఆ తనిఖీలో కాగితం లేని ఇంజిన్‌కి ఏం చెప్పుకోవాలి? నేనైతే ఆ కేసు వదిలేసి, పగిలిన పాతదానికే అల్యూమినియం వెల్డింగ్ పెట్టించా.

మడ్‌గార్డులూ కార్బ్యురేటర్లూ ఎలా అమ్మినా పర్లేదు. నంబరుండే ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మాత్రం ఆ నంబరు రాసిన బిల్లు ఇచ్చేలా రవాణా శాఖ, వర్తక సంఘాలు కలిసి చూడాలి. నిజాయితీగా అమ్మే షాపులకూ అదే మంచిది.

- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ