మేసన్ సిటీలో ఆ మూడు గంటలు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. అమెరికాలో 1995లో మాయమై, ఇప్పటికీ జాడ దొరకని టీవీ న్యూస్‌రీడర్ జోడీ హూజెన్‌ట్రూట్ కేసు ముప్ఫై ఏళ్ళయినా ఎందుకు తేలలేదు, పోలీసులకి చేతకాకా, ఎవరినైనా కాపాడటానికా అని అడిగావు. నన్నడిగితే ఆ రెండు ప్రశ్నలకన్నా ముందు గడియారం వైపు చూడాలిరా. ఆ కేసు కీలకమంతా తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు మధ్యే ఉంది.

ముందు ఊరు. ఐయోవా రాష్ట్రం ఉత్తరాన మేసన్ సిటీ. జనాభా ముప్ఫై వేలకి కాస్త తక్కువ. ఊరి పక్కగా విన్నెబాగో నది, చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. పడమట కాస్త దూరంలో ఉత్తర దక్షిణాలుగా పోయే ఇంటర్‌స్టేట్ 35. ఈ రోడ్డు సంగతి గుర్తు పెట్టుకో, మళ్ళీ వస్తాను.

జోడీది పక్క రాష్ట్రం మిన్నెసోటాలోని లాంగ్ ప్రెయిరీ. అప్పటికి 27 ఏళ్ళు. కె.ఐ.ఎం.టి. టీవీలో పొద్దున్న వార్తలు చదివేది. ఆరింటికి ప్రసారం కాబట్టి మూడు, మూడున్నరకల్లా స్టేషన్‌లో ఉండేది. 1995 జూన్ 27, మంగళవారం. నాలుగు దాటినా రాకపోతే స్టేషన్ నుంచి ఫోన్ చేశారు. నిద్రపట్టేసింది, వచ్చేస్తున్నానంది. ఇంటి నుంచి స్టేషన్‌కి కారులో ఐదు నిమిషాలు. ఆ ఫోన్ తర్వాత ఆమె గొంతు విన్నవాళ్ళెవరూ బయటికి రాలేదు.

ఆరింటి వార్తలు ఆమె లేకుండానే వేరొకరు చదివారు. పోలీసులకి ఫోన్ వెళ్ళింది ఏడు దాటాక. స్టేషన్ వాళ్ళని తిట్టుకోకు. ఆలస్యమైన మనిషి మళ్ళీ నిద్రపోయిందేమోననే ఎవరైనా అనుకుంటారు. కానీ లెక్క చూడు. నాలుగున్నరకి బయల్దేరిన బండి గంటకి 60 మైళ్ళ చొప్పున పోతే ఏడుంపావుకి 165 మైళ్ళు దాటేస్తుంది. ఇంటర్‌స్టేట్ ఎక్కితే గంట లోపే మిన్నెసోటా. ఉత్తరాన మినియాపొలిస్, దక్షిణాన డెమోయిన్, రెండూ ఆ దూరం లోపలే. పోలీసులు అపార్ట్‌మెంట్ దగ్గర బండి దిగేసరికే వెతకాల్సిన నేల రెండు మూడు రాష్ట్రాల్లోకి పాకిపోయింది. నది ఒడ్డూ పొలాలూ గాలించారు, గాలించాలి కూడా. కానీ అది దగ్గర్లోనే దాచి ఉంటారన్న ఊహ మీద చేసే పని.

ఇక ఆమె ఉండే కీ అపార్ట్‌మెంట్స్ పార్కింగ్ సంగతి. ఆమె ఎర్ర మజ్దా మియాటా కారు అక్కడే ఉంది. దాని చుట్టూ ఎర్ర హైహీల్స్ చెప్పులు, హెయిర్ డ్రయర్, హెయిర్ స్ప్రే, చెవి కమ్మలు చెల్లాచెదురుగా పడున్నాయి. కారు తాళంచెవి వంగిపోయి ఉంది. జుట్టు స్టేషన్‌కి వెళ్ళాక ఆరబెట్టుకుందామని చేతికందినవి పట్టుకుని పరుగెత్తిన మనిషి సామాను అది. తాళంచెవి వంగిందంటే కారు తలుపు తీస్తున్న క్షణాన వెనక నుంచి పట్టుకుని ఉంటారన్నది దర్యాప్తు వాళ్ళ అభిప్రాయం. నేల మీద ఈడ్చుకుపోయిన జాడలు. ఇరుగుపొరుగు వాళ్ళకి కేక వినిపించింది. పార్కింగ్ లైట్లు వెలుగుతూ తెల్లని ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్ ఒకటి అక్కడ ఆగి ఉందని కూడా చెప్పినవాళ్ళున్నారు. అయినా ఆ చీకట్లో పోలీసులకి ఒక్క ఫోనూ వెళ్ళలేదురా. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఆ ఒక్క ఫోన్ వెళ్ళి ఉంటే వెతకాల్సింది రెండు రాష్ట్రాలు కాదు, నాలుగు వీధులు.

చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. రోజూ ఆమె మూడింటి ప్రాంతంలో బయల్దేరుతుంది. ఆ రోజు గంటకి పైగా ఆలస్యం. వచ్చినవాడు ఆమె కోసమే వచ్చి ఉంటే, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అంతసేపు ఎదురుచూసి ఉండాలి, లేదా ఆమె కదలలేదని తెలిసి ఉండాలి. యాదృచ్ఛికంగా తగిలినవాడైతే సరిగ్గా ఆ నిమిషానికే అక్కడ ఉండాలి. నాకు మొదటిదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. అంతకు ముందు ఏడాది ఎవరో వెంటపడుతున్నారని ఆమె ఫిర్యాదు చేసింది. ముందు రోజు గోల్ఫ్ పోటీలో, ఆకతాయి ఫోన్లు వస్తున్నాయి, నంబరు మార్చుకుంటానని చెప్పింది. ఇవన్నీ ఒకడివేనని మాత్రం అనకు. టీవీలో రోజూ కనిపించే ఆడపిల్లకి వెంటపడేవాళ్ళు ఒక్కరే ఉండరు.

కారు మీద దొరికిన అరచేతి ముద్ర గురించి అడిగావు. అది పూర్తి ముద్ర కాదు, కొంత భాగమే. ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. దాంతో చిక్కులు రెండు. ఆరుబయట నిలిపిన కారుని ఎవరైనా ముట్టుకుని ఉండొచ్చు, ముద్ర హంతకుడిదే కానక్కర్లేదు. రెండోది, అరెస్టు చేసినప్పుడు పది వేళ్ళ ముద్రలు తీసుకోవడం పాత ఆనవాయితీ, అరచేతివి తీసుకోవడం అన్నిచోట్లా లేదు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. దేశం మొత్తానికి అరచేతి ముద్రల భాండారం ప్రారంభించింది 2013లో. అంటే 1995లో వాడు ఇంకో కేసులో దొరికినా, ఇది వాడి చెయ్యే అని చెప్పే దారి దాదాపు లేదు. ఇప్పుడు తేలని ముద్రని భాండారంలో వేసి ఉంచితే కొత్తగా చేరే ముద్రలతో పోల్చే వీలుంది. అయితే అందులో గీతలు చాలినంత స్పష్టంగా ఉండాలి.

శవం లేకుండా హత్య కేసు పెట్టొచ్చా అన్నావు. పెట్టొచ్చు. మనిషి చనిపోయిందని, చంపబడిందని పరిస్థితుల సాక్ష్యంతో నిరూపించాలి, అంతే. కోర్టు 2001 మేలో ఆమె చనిపోయినట్టు ప్రకటించింది. అది వారసత్వం లాంటి వ్యవహారాలకి పనికొస్తుంది కానీ ఎవరు చంపారో చెప్పదు. ఐయోవాలో హత్యకి కాలపరిమితి లేదు కాబట్టి ఎప్పుడు దొరికినా కేసు నడుస్తుంది. ఎటొచ్చీ ఒక్కసారి నిర్దోషి అని తీర్పొస్తే మళ్ళీ అదే నేరానికి విచారించలేరు. ప్రాసిక్యూటర్లు తొందరపడకపోవడానికి కారణం అది. 2017లో రెండు వాహనాల జి.పి.ఎస్. వివరాల కోసం వారెంట్ తీసుకున్నారు, ఎవరి మీదా అభియోగం పెట్టలేదు.

డైరీ గొడవ ఒక్క ముక్కలో చెప్తాను. 2008లో ఆమె డైరీ నకళ్ళు 84 పేజీలు స్థానిక పత్రిక గ్లోబ్ గెజెట్‌కి పోస్టులో వచ్చాయి. ఊరు ఉలిక్కిపడింది. తీరా కూపీ లాగితే అవి ఒక మాజీ పోలీసు చీఫ్ ఇంట్లోంచి వెళ్ళినవి. అందుకే దర్యాప్తు కాగితాలు ఎవరి దగ్గర ఎన్ని నకళ్ళున్నాయో రాసిపెట్టుకోవాలనేది. అవి ఇంటికి చేరితే కేసుకి తగిలే దెబ్బ చిన్నది కాదు.

ఎముకలు దొరికితే? రక్తసంబంధీకుల బుగ్గ లోపలి నుంచి దూదితో తీసిన నమూనా చాలు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. ఒకే తల్లి పిల్లలందరికీ ఒకటే కాబట్టి, పాత ఎముకలోంచి కూడా పోల్చి చూడొచ్చు. పళ్ళ రికార్డు ఉంటే ఇంకా త్వరగా తేలుతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, వయసో ఎత్తో తప్పుగా అంచనా వేసి, ఈ ఎముకలు ఆమెవి కావని ముందే పక్కన పెట్టేస్తారు. ఐయోవాలోనే మన జిల్లాల్లాంటి కౌంటీలు 99 ఉన్నాయి. ఏ కౌంటీలోనో అల్మారాలో ఉన్న పెట్టెలోంచి నమూనా తీయకపోతే ఎంత గొప్ప కంప్యూటరైనా ఏం చేస్తుంది?

నాకున్న ఆశ మనుషుల మీదే. 1995లో భయపడి నోరుమూసుకున్న భార్య, స్నేహితురాలు, తోటి పనివాడు ఈ రోజు మాట్లాడొచ్చు. పోలీసులకి పనికొచ్చేది "వాడే అనిపిస్తోంది" అన్న మాట కాదు. ఆ వారం తెల్ల వ్యాన్‌ని హడావుడిగా కడిగిందెవరు, అమ్మిందెవరు, ఆ మంగళవారం పనికి రానిదెవరు, చేతి మీద గీరుకున్న గాయంతో వచ్చిందెవరు. తేదీ, చోటు, మనిషి. ఈ మూడూ కలిసి వచ్చిన కబురే తనిఖీకి నిలుస్తుంది.

విన్నెబాగో నది, పార్కింగ్, ఇంటర్‌స్టేట్ ఎక్కే చోటు గుర్తు పెట్టిన పటం ఒకటి దీంతో పాటు పెట్టాను. స్కేలు దగ్గర పెట్టుకుని ఆ 165 మైళ్ళ వృత్తం నువ్వే గీసి చూడు.

ఉంటానురా,
నీ రఘు