ఇంట్రానెట్ పేజీల పనికి కొత్త ధర, కొత్త గడువు

మా దగ్గర ఇంట్రానెట్ పేజీలు (కంపెనీ లోపలి నెట్‌వర్క్‌లోనే తెరుచుకునే వెబ్ పేజీలు) చేయించుకుంటున్న కంపెనీలన్నిటికీ నమస్కారం. ఇకమీదట కొత్త పనికి గడువూ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. ఎందుకో ముందే చెప్పడం న్యాయం.

ఫ్యాక్టరీల్లో చాలా కంప్యూటర్లకు, భద్రత కోసం, బయటి ఇంటర్నెట్ ఇవ్వరు. మామూలు వెబ్‌సైట్ల అలవాటుకొద్దీ ఫాంట్లు గూగుల్ నుంచి, జేక్వెరీ లాంటి రెడీమేడ్ కోడ్ బయటి సర్వర్ల నుంచి తెచ్చుకునేలా రాస్తే, మా ఆఫీసులో చక్కగా నడిచిన పేజీ మీ షాప్ ఫ్లోర్‌లో, అంటే యంత్రాలు నడిచే చోట, మొరాయిస్తుంది. అందుకే అన్నీ మీ సర్వర్‌లోనే పెడుతున్నాం, బయటి నెట్ ఆపేసి పరీక్షిస్తున్నాం. మండలి, నోటో సాన్స్ తెలుగు ఓపెన్ లైసెన్సు ఫాంట్లు కాబట్టి వాటికి ఖర్చు లేదు.

ఎక్కువ సమయం పట్టేది తెలుగుకి. సర్క్యులర్లు, భద్రతా సూచనలు చాలాచోట్ల ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. అచ్చుకి అవి బాగుంటాయి గానీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, తెలుగులో టైపు చేసి వెతికితే దొరకవు. కన్వర్టర్‌తో మార్చినా ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. గ్యాస్ లీకైతే ఏ గేటు వైపు పరుగెత్తాలో చెప్పే వాక్యంలో అచ్చుతప్పు ఉండకూడదు. ఆ చదివే మనిషి జీతమే పెరిగిన ధరలో పెద్ద భాగం.

పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మంగళం పాడింది. కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో, పాత పేజీలను ఎక్స్‌ప్లోరర్‌లోలాగే నడిపే ఐఈ మోడ్ మాత్రం కనీసం 2029 వరకు ఉంటుందంది. ఎక్స్‌ప్లోరర్ కాలం నాటి యాక్టివ్‌ఎక్స్ అనే టెక్నాలజీ మీద నడిచే గేట్‌పాస్, స్టోర్స్ పేజీలున్నవాళ్లు ఆ ధీమాతో ఉన్నారు. ఆ మోడ్ కోసం కొత్త పేజీలు మేం రాయం. పాతవి మార్చే పని తీసుకుంటాం. స్టోర్స్ లాంటివి పాతదీ కొత్తదీ కొన్నాళ్లు కలిపి నడపాలి గనక, 2028లో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ఇంకో మాట కొందరికి నచ్చకపోవచ్చు. మొదటి పేజీలో ఎండీ గారి ఫోటో, సందేశం పెట్టమంటున్నారు. వాటికి లోపల మంచి చోటిస్తాం. షిఫ్టు మారే వేళ ఒకే కంప్యూటర్ దగ్గర వరసలో నిలబడేవాళ్లకు కావాల్సింది పే స్లిప్పు, సెలవు దరఖాస్తు, షిఫ్టు పట్టిక, ఫోన్ నంబర్లు. అవే ముందుండాలి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే లాగౌట్ కూడా అవ్వాలి, లేదంటే ముందువాళ్ల జీతం వెనకవాళ్లకు కనిపిస్తుంది.

ఇప్పటికే ఒప్పుకున్న పనులకు పాత ధరే. కొత్తవి మొదలుపెట్టే ముందు మా మనిషిని మీ షాప్ ఫ్లోర్‌లో ఒక షిఫ్టు కూర్చోనివ్వండి. దానికి విడిగా బిల్లు వేయం.