గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదుటి బెర్తు పెద్దమ్మగారికి

నాకు స్లీప్ పెరాలిసిస్ ఉంది, అంటే నిద్రలోంచి మెలకువ వచ్చినా కాసేపు ఒళ్లు కదలదు. దానికోసం రాత్రంతా తలకి వైర్లు అంటించుకుని స్లీప్ స్టడీ, అదే నిద్ర ఎలా పడుతోందో చూసే పరీక్ష, చేయించుకుని ఇప్పుడే రూముకి వచ్చాను. జుట్టుకి ఆ జిగురు ఇంకా వదల్లేదు. కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను.

పోయిన వారం విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చే గోదావరిలో, రాజమండ్రిలో ఎక్కి నా ఎదుటి బెర్తులో పడుకున్న పెద్దమ్మగారూ, మీకు చేతులెత్తి నమస్కారం.

విజయవాడ దాటాక నాకు మెలకువ వచ్చింది. వెల్లకిలా ఉన్నాను. బోగీలో నీలం లైటు కనిపిస్తోంది, చక్రాల చప్పుడు వినిపిస్తోంది, చిటికెన వేలు కూడా కదలడం లేదు. గుండెల మీద ఎవరో కూర్చుని అదుముతున్నారు. కాళ్ల దగ్గర ఇంకెవరో నిలబడ్డారు. అరుద్దామంటే సన్నటి మూలుగు తప్ప ఏమీ రాలేదు. ఆ మూలుగే మీరు విన్నారు. బోగీనంతా లేపలేదు. గాలి సోకిందనలేదు. భుజం మీద చెయ్యి వేసి, "భయపడకు తల్లీ, ఊపిరి బాగానే ఆడుతోంది, నేను చూస్తున్నాగా" అన్నారు. ఇది మొదలైన దగ్గర్నుంచీ నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఒళ్లు స్వాధీనంలోకి రాగానే పక్కకి తిప్పి పడుకోబెట్టి, మళ్లీ వెల్లకిలా దొర్లకుండా మీ శాలువా మడతపెట్టి వీపు వెనక దోపారు. మీ చెల్లెలికీ ఇలాగే వచ్చేదని, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువని చెప్పారు. మోకాళ్ల నొప్పులతో ఎక్కిన మనిషి, కాజీపేటలో దిగేవరకూ నడుం వాల్చకుండా నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. ఇది రాస్తుంటే మళ్లీ ఏడుపొస్తోంది.

మీరన్నదే నిన్న డాక్టర్ గారూ చెప్పారు. కలలొచ్చే నిద్రలో ఒళ్లు కదలకుండా మెదడు కండరాలను ఆపి ఉంచుతుందట. ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే ఇలా అవుతుంది. కళ్లూ, ఊపిరి తీసే కండరమూ మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుందని పరిశోధనల్లో తేలింది. నాలుక వెనక్కి జారి గాలిదారి ఇరుకై, మధ్యలో మెలకువలు రావడం ఒక కారణం కావచ్చన్నారు. 2011లో 35 అధ్యయనాలను కలిపి చూస్తే, జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చినవాళ్లు మామూలు జనంలో దాదాపు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం. హాస్టళ్లలో ఎంతమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేక వణుకుతున్నారో!

అంతకుముందు నేను వెళ్లిన పెద్ద ఆసుపత్రిలో ఈసీజీ, ఎకో, తలకి స్కానింగ్ అన్నీ రాశారు. ఏ పక్కకి పడుకుంటావు, ఏ షిఫ్టు చేస్తావు అని ఒక్కరూ అడగలేదు. చివరికి "టెన్షన్ అమ్మా, పెళ్లయితే అదే పోతుంది" అని పంపేశారు. ఇప్పుడు స్లీప్ స్టడీ ఖర్చు ఇన్సూరెన్సులో రాదట, అడ్మిట్ కాలేదు కాబట్టి. వారానికో షిఫ్టు మార్చి నిద్ర పాడుచేసే ఉద్యోగం, ఆ నిద్రకి పరీక్ష చేయించుకుంటే డబ్బు మన జేబులోంచే. ఇదేం న్యాయం?

అమ్మ, నాన్న, తమ్ముడు ఉండనే ఉన్నారు, వాళ్లకి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

పెద్దమ్మగారూ, హడావిడిలో మీ శాలువా నా దగ్గరే ఉండిపోయింది. ముదురాకుపచ్చ రంగు, అంచుకి ఎర్ర కుట్టు. ఆవిడ తెలిసినవాళ్లెవరైనా ఇది చూస్తే దయచేసి మెసేజ్ పెట్టండి, కాజీపేట వచ్చి ఇచ్చి వెళ్తాను.

అయ్యో, మా రూమ్మేట్‌ని మర్చిపోయాను. నేను మూలిగినప్పుడల్లా లేచి తట్టేది తనే. నిద్రమాత్రలు అడిగితే చీటీ లేకుండా ఇవ్వనని, నిద్ర డాక్టర్ అడ్రస్ రాసిచ్చిన మందులషాపు అన్నకీ థాంక్స్. రాత్రి ల్యాబ్‌లో వైర్ ఊడినప్పుడల్లా విసుక్కోకుండా వచ్చి అంటించిన టెక్నీషియన్ గారికి కూడా.