లేని సీడీకి డబ్బు తీసుకున్నాం: జరిగింది ఇదీ

గత నెలలో మన షాపు పేరు మీద, అసలు లేనే లేని ఒక సినిమా సంగీతం సీడీ అమ్ముడుపోయింది. 37 మంది డబ్బు కట్టారు. 19 మందికి పార్సిల్ కూడా చేరింది. డబ్బు మొత్తం వెనక్కి పంపేశాను, ఆ వివరం కింద రాస్తాను. ముందు అసలేం జరిగిందో పాత కస్టమర్లయిన మీకు నా నోటి నుంచే తెలియాలి. ఎందుకంటే ఈ వారంలో ముగ్గురు ఫోన్ చేసి "భలే ఆటపట్టించారండీ" అని మెచ్చుకున్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. నేను ఎవరినీ ఆటపట్టించలేదు. డబ్బు తీసుకుని ఆటపట్టించడం నాకు చేతకాదు.

ఈమధ్య చేరినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మన దగ్గర కొనేవాళ్లలో చాలామందికి "వద్దన్న సంగీతం" అంటే పిచ్చి. సంగీత దర్శకుడు రాసి, కొన్నిసార్లు రికార్డింగ్ కూడా అయిపోయాక, దర్శకుడో నిర్మాతో వద్దనుకుని ఇంకొకరి చేత కొత్తగా చేయించుకుంటారు చూడండి, అలా మూలన పడిన సంగీతం. 'చైనాటౌన్' అనే హాలీవుడ్ సినిమాకి ఫిలిప్ లాంబ్రో చేసింది పక్కన పెట్టి, జెర్రీ గోల్డ్‌స్మిత్ చేత పదిరోజుల్లో మళ్లీ చేయించారు. 'ట్రాయ్'కి గాబ్రియెల్ యారెద్ చేసింది తీసేసి జేమ్స్ హార్నర్‌ని పిలిచారు. ఇలాంటివాటిలో కొన్ని ఏళ్ల తరవాత సీడీలుగా వస్తాయి. వచ్చిన రోజే మీరు ఫోన్లు మొదలుపెడతారు.

ఆ పిచ్చిలోంచి పుట్టిందే ఈ లేని సీడీ, మన కాకుల సీడీ. రెండేళ్ల కిందట ఒక పాత కస్టమర్ ఆర్డర్ చీటీ అడుగున పెన్సిల్‌తో "హిచ్‌కాక్ 'ద బర్డ్స్'కి వద్దన్న సంగీతం ఉంటే అదీ ఒకటి పంపండి" అని రాశారు. 1963లో హిచ్‌కాక్ దర్శకత్వంలో వచ్చిన, పక్షులు మనుషుల మీద పడే ఆ సినిమాకి నేపథ్య సంగీతమే లేదు. ట్రాటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద ఆస్కార్ సాలా, రెమీ గాస్‌మన్ పుట్టించిన అరుపులూ రెక్కల చప్పుళ్లే సంగీతం పని చేశాయి. హిచ్‌కాక్ సినిమాలు ఎన్నింటికో సంగీతం ఇచ్చిన బెర్నార్డ్ హెర్మన్ పేరు ఇందులో శబ్ద సలహాదారుగా మాత్రమే పడింది. సంగీతమే లేని సినిమాకి వద్దన్న సంగీతం! పార్సిల్ కడుతూ ఆ చీటీ చూసి నవ్వు ఆపుకోలేక, బిల్లు వెనక "స్టాకు లేదు, మిగిలిన కాపీలు కాకులు ఎత్తుకెళ్లాయి" అని రాసి పంపాను.

ఇక మీరు వదల్లేదు. నెలనెలా పంపే జాబితా చివరి పేజీలో దానికో పెట్టె ఇవ్వాల్సి వచ్చింది. ఒకరు ట్రాకులకి పేర్లూ నిడివీ పెట్టారు: 'బడి వెనక ఇనుప కమ్మీల మీద' 3 నిమిషాల 12 సెకన్లు, 'ఫోన్ బూత్', 'ఫోన్ బూత్ (సినిమాలో వాడనిది)'. ఆ సంగీతం ఎందుకు ఆగిపోయిందో ఇంకొకరు కనిపెట్టారు: వాద్యకారుల యూనియన్‌తో పాటు పక్షుల యూనియన్ కూడా తమకు రావాల్సిన డబ్బు అడిగిందట. తొమ్మిదో ట్రాకు పేరు 'నిశ్శబ్దం', నిడివి 4 నిమిషాల 33 సెకన్లు. 1952లో జాన్ కేజ్ రాసిన, ఎవరూ ఏమీ వాయించని ఆ రచన తెలిసినవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ పేరు పెట్టిన ఆవిడ నాకు ఫోన్ చేసి, గొంతులో నవ్వు ఏమాత్రం తెలియనివ్వకుండా, "అన్నయ్యగారూ, పాత టేపులో ఈ ట్రాకు సరిగ్గా వినపడటం లేదు, రీమాస్టర్ చేయించండి" అన్నారు.

నా వ్యాపారం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పేజీ అదే. ప్రతి నెలా ఆ పెట్టె కింద "ఇది లేదు, ఎప్పుడూ లేదు, ఆర్డర్ ఇవ్వకండి" అని అచ్చు వేసేవాణ్ణి.

అచ్చు ఆగిపోయిన పాత సీడీలు నాకు తొమ్మిదేళ్లుగా ఒకే మనిషి సరఫరా చేస్తున్నాడు. పేరు రాయను. కొన్ని పార్సిళ్లు అతని గోడౌన్ నుంచే మన లేబుల్‌తో నేరుగా మీ ఇళ్లకి వచ్చేవి. మన ఆన్‌లైన్ జాబితాలో అతని సరుకు అతనే ఎక్కించుకునే వీలు కూడా నేనే ఇచ్చాను. తొమ్మిదేళ్ల నమ్మకంతో ఇచ్చాను. ఇంత వీలు ఇవ్వడం నా తప్పు, దాన్ని ఇంకెవరి మీదా తోయను.

మా ఇంట్లో ఒకరికి ఆపరేషన్ జరిగి నేను ఆరు రోజులు జాబితా తెరిచి చూడలేదు. ఆ ఆరు రోజుల్లో అతని మనుషులు మన చివరి పేజీలోని పెట్టెని సరుకు కింద ఎక్కించేశారు. ట్రాకుల పేర్లన్నీ ఎక్కించారు. "ఎప్పుడూ లేదు" అన్న వాక్యం మాత్రం ఎక్కించలేదు. పైగా "300 కాపీలు మాత్రమే" అని సొంతంగా చేర్చారు. మొదట పొరపాటే అయి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటున్నాను. చూడకుండా ఎక్కించేశారు, సరే. కానీ ఆర్డర్లు పడ్డాక, చేతిలో అలాంటి సరుకు లేదని తెలిశాక, చేయాల్సిందల్లా నాకొక ఫోన్. అది చేయలేదు. సీడీలు తయారు చేయించాడు.

ఈ మోసాన్ని పట్టించింది తొమ్మిదో ట్రాకు. గుర్తుగా ఉంటుందని 'నిశ్శబ్దం' ఆవిడ కూడా ఒకటి ఆర్డర్ పెట్టారట, నేనే సరదాగా ఒక ఖాళీ సీడీ పంపిస్తున్నాననుకుని. ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, తొమ్మిదో ట్రాకులో నిశ్శబ్దం లేదండీ, వయొలిన్లు ఉన్నాయి" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. విషయం తెలిశాక చెమటలు పట్టాయి.

ఆ సీడీ తెప్పించుకుని చూశాను. కింది వైపు తిప్పితే వెండి రంగు లేదు, ఆకుపచ్చ ఛాయ ఉంది. అంటే ఫ్యాక్టరీలో అచ్చయింది కాదు, కంప్యూటర్లో కాపీ చేసిన సీడీ-ఆర్. మధ్య వలయం చుట్టూ ఉండాల్సిన ముద్రణ నంబరు లేదు. అట్ట ఇంక్‌జెట్ మీద తీసింది, తడి వేలితో రుద్దితే నల్లరంగు వేలికి అంటింది. ఇంగ్లిషులో హెర్మన్ పేరు చివర రెండు ఎన్‌లు ఉండాలి, ఒకటే ఉంది. లోపలున్నది ఏదో పాత ఎల్పీ రికార్డు నుంచి ఎక్కించిన సంగీతం, సూది చిటపట స్పష్టంగా వినిపిస్తోంది. మూడో ట్రాకూ ఏడో ట్రాకూ ఒకటే, పేర్లు మాత్రం వేరు. ఇది మన లేబుల్ అంటించిన కవర్లో వెళ్లింది. ఆ లేబుల్ బొమ్మ షాపు మొదలుపెట్టిన రోజు నేను చేత్తో గీసింది. ఏ టేపు నుంచి వచ్చిందో తెలియని సీడీని నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అమ్మలేదు.

అతనికి ఫోన్ చేశాను. "జనం సరదాపడి అడిగారు, మేం ఇచ్చాం, దీనికింత రాద్ధాంతం దేనికి" అన్నాడు. ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. అతని దగ్గర్నుంచి ఇకమీదట మనకి ఒక్క సీడీ కూడా రాదు.

దీని తరవాత మూడు వారాలు నాకు నిద్ర లేదు. అది డబ్బు గురించి కాదు. సంగతి తెలిసిన పాత కస్టమర్లు కొందరు మంచి మనసుతోనే ఒక మాట అన్నారు: "అయిందేదో అయింది. ఇప్పుడు దాన్ని నిజంగానే చేయిద్దాం. ఎవరైనా కుర్రాడి చేత 14 ట్రాకులూ రాయించి, ఇది ఊహ అని అట్ట మీద వేసి, 300 కాపీలు తీద్దాం. అందరం కొంటాం, మీ నష్టమూ పూడుతుంది."

కాదనడం అంత తేలిక కాలేదు. వెనక్కిచ్చిన డబ్బులో సగం పైగా నా జేబులోంచే పోయింది. పైగా మన కస్టమరే అయిన ఒక కుర్రాడు ఎవరూ అడగకుండానే మొదటి ట్రాకు చేసి పంపాడు. 2 నిమిషాల 40 సెకన్లు. కింద ఫ్లూట్లు ఒకే స్వరం పట్టుకుని ఉంటాయి, పైన హార్ప్ ఒక్కో చుక్కా రాలినట్టు, ఒక్కో పక్షీ వచ్చి వాలినట్టు. బాగుంది. నిజంగా బాగుంది. పదిసార్లు విన్నాను. చివరికి సినిమా పెట్టుకుని, బడి దగ్గరి సన్నివేశానికి ఆ సంగీతం జోడించి చూశాను.

అక్కడ మనసు మారింది. ఆ సన్నివేశం మీ అందరికీ కంఠతా వచ్చు. బయట బెంచీ మీద కథానాయిక సిగరెట్ కాలుస్తూ కూర్చుంటుంది. వెనక ఇనుప కమ్మీల మీద ఒక కాకి వాలుతుంది, ఇంకోటి, ఇంకోటి. వినిపించేది లోపల పిల్లలు పాడే పాట ఒక్కటే. కుర్రాడి సంగీతం పెట్టగానే భయం సగానికి పడిపోయింది. ఏదో జరగబోతోందని హార్ప్ ముందే చెప్పేస్తోంది. అది కుర్రాడి లోపం కాదు, అక్కడ ఎంత గొప్ప సంగీతం పెట్టినా అంతే. అంతకు ముందే 'సైకో'లో తీగ వాద్యాలతో జనాన్ని వణికించిన హెర్మన్ పక్కనే ఉండి కూడా హిచ్‌కాక్ ఆ చోటు ఖాళీగా వదిలేశారు. దానికి "ఆయన రాశారు, వాళ్లు వద్దన్నారు" అని ఒక అట్ట తయారు చేయడానికి నాకు చేతులు రాలేదు.

ఇంకా ఒకటుంది. హిచ్‌కాక్, హెర్మన్‌ల మధ్య వద్దన్న సంగీతం నిజంగానే ఉంది. 'ద బర్డ్స్' వచ్చిన మూడేళ్లకి, 1966లో, హిచ్‌కాక్ సినిమా 'టోర్న్ కర్టెన్'కి హెర్మన్ రాసింది. 12 ఫ్లూట్లు, 16 హార్న్‌లు, 9 ట్రాంబోన్లు. వయొలిన్ ఒక్కటి కూడా లేదు. స్టూడియోకి జనం పాడుకునే బాణీలు కావాలి. రికార్డింగ్ జరుగుతుండగానే హిచ్‌కాక్ ఆపించేశారు, జాన్ ఆడిసన్ చేత వేరే చేయించారు. ఆ ఇద్దరూ మళ్లీ కలిసి పని చేయలేదు. 1975లో హెర్మన్ పోయారు. సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్‌కి జరిగింది ఇంకా ఘోరం. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి రాసి రికార్డు చేసిన సంగీతం అందులో లేదని ఆయనకి 1968లో సినిమా చూడటానికి వెళ్లి కూర్చున్నాకే తెలిసింది. స్నేహితుడైన గోల్డ్‌స్మిత్ దాన్ని మళ్లీ ఆర్కెస్ట్రాతో వాయించి చేసిన రికార్డు 1993లో బయటికి వచ్చింది. నార్త్ 1991లోనే పోయారు. ఆ సీడీ ప్యాక్ చేసిన ప్రతిసారీ ఈ రెండు సంవత్సరాలూ గుర్తొస్తాయి. ఇవి పడేసిన బాణీలే, కానీ వాటి వెనక మనుషులున్నారు. అదే అరలో నేను తయారు చేయించిన ఊహని నిలబెట్టలేను.

అట్ట మీద "ఊహ" అని పెద్దక్షరాలతో వేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. సెకండ్‌హ్యాండ్ సరుకు ఇన్నేళ్లుగా నా చేతుల మీదుగా పోతోంది. అట్ట చిరిగిపోతుంది, సీడీ మిగులుతుంది. కొన్నవాళ్ల తరవాత ఇంట్లోవాళ్లు సంచిలో వేసి అమ్మేస్తారు. మన నవ్వు ఆ సంచిలో ఉండదు, హెర్మన్ పేరు మాత్రం ఉంటుంది. "ఎప్పుడూ లేదు" అన్న వాక్యం ఊడిపోవడానికి ఆరు రోజులు పట్టింది, కళ్లారా చూశాను.

కాబట్టి చేయించడం లేదు. మొండితనం అనుకున్నా సరే, దీని గురించి మళ్లీ అడగొద్దు. కుర్రాడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "నా పేరుతో వేరే ఏదైనా చేస్తే వేస్తారా అంకుల్" అన్నాడు. తప్పకుండా వేస్తానన్నాను, ఆ మాట మీద ఉంటాను.

ఇక మిగతా విషయాలు. 37 మందికీ పూర్తి డబ్బు, పోస్టు ఖర్చుతో సహా వెళ్లిపోయింది. ఎవరికైనా రాకపోతే ఒక్క ఫోన్ చేయండి, అదే రోజు చూస్తాను. జాబితాలో సరుకు ఎక్కించేది ఇక నేనొక్కణ్ణే, ప్రతి పార్సిలూ నా బల్ల మీద నుంచే బయల్దేరుతుంది. కొత్త విడుదలలకి ఇబ్బంది లేదు, అవి కంపెనీల దగ్గర నేరుగా కొంటున్నాను. అచ్చు ఆగిపోయినవి మాత్రం కొన్నాళ్లు తక్కువగా దొరుకుతాయి, ఆలస్యమూ అవుతుంది. అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లలో వెనక్కి కావాలన్నవాళ్లకి ఇచ్చేస్తాను.

చివరి పేజీ తీసేస్తున్నానేమోనని కొందరు కంగారుపడ్డారు. తీయను. అది మీరు కట్టుకున్న పేజీ, ఒక మోసగాడి వల్ల పోనివ్వను. కాకపోతే ఇకనుంచి అట్ట బొమ్మ, సరుకు నంబరు, కాపీల లెక్క ఉండవు. ఆన్‌లైన్ జాబితాలోకి అది రాదు, కాగితం మీదే ఉంటుంది. పదిహేనో ట్రాకుకి పేర్లు పంపవచ్చు.

పంపిన 19 దొంగ సీడీల్లో 14 తిరిగి వచ్చాయి, వాటిని నా చేతులతోనే రెండు ముక్కలు చేశాను. ఇంకా ఐదు బయట ఉన్నాయి. గుర్తుగా దాచుకుంటామని ఇద్దరు అడిగారు. అడిగినవాళ్లు నాకు కావాల్సినవాళ్లే, అయినా కాదంటున్నాను. ఆ ఐదూ దయచేసి పంపించేయండి, పోస్టు ఖర్చు నాదే. కవర్ మీద మూలకి "కాకులు" అని రాయండి, మిగతా పోస్టులో కలిసిపోకుండా ముందు అవే విప్పుతాను.