కొండపల్లి కొండ కోసం కదిలొచ్చిన అందరికీ పెద్ద థాంక్స్

ముందు అసలు విషయం చెప్పేస్తాను, ఆ తర్వాత ఎంత సాగదీసినా మీరు తిట్టుకోరు. కొండపల్లి అడవి అంచున గ్రావెల్ కోసం తవ్వేస్తున్నారు ఎవరైనా సాయం చేయండి అని వేసవికి ముందు పోస్ట్ పెట్టాను కదా, ఆ తవ్వకం ఆగింది. ఫారెస్ట్ వాళ్ళూ రెవెన్యూ వాళ్ళూ కలిసి జాయింట్ సర్వే చేశారు, తవ్విన ముక్కలో ఎక్కువ భాగం రిజర్వ్ ఫారెస్ట్ హద్దు లోపలే ఉందని తేలింది, టిప్పర్లు వెళ్ళే దారికి అడ్డంగా కందకం కొట్టేశారు. తవ్వించింది ఎవరు, ఏ ఊరి వైపు అన్నది ఇక్కడ రాయట్లేదు, కేసు నడుస్తోంది, పైగా ఇది ఎవర్నో తిట్టే పోస్ట్ కాదు. కామెంట్లలో కూడా పేర్లు రాయకండి ప్లీజ్, మా లాయర్ మేడం మరీ మరీ చెప్పమన్నారు.

విజయవాడలో మనలో చాలామందికి కొండపల్లి అంటే ఖిల్లా, బొమ్మలు, అంతే. ఆదివారం పిల్లల్ని తీసుకుని ఖిల్లా ఎక్కుతాం, రెడ్డిరాజులు కట్టారట, కృష్ణదేవరాయలు గెలిచాడట అని పిల్లలకి చెప్తాం, పైనుంచి ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాల వైపు తిరిగి సెల్ఫీ తీసుకుంటాం, దిగేటప్పుడు ఒక ఎడ్లబండి బొమ్మ బేరమాడి కొనుక్కుని వచ్చేస్తాం. ఖిల్లా వెనక వైపు ఎవరం చూడం. అక్కడున్నది దాదాపు 30 వేల ఎకరాల రిజర్వ్ ఫారెస్టండీ, భవానీపురంలో మా ఇంటి నుంచి బండి మీద బయల్దేరితే టీ చల్లారేలోపు వచ్చేస్తుంది అని మా ఆయన అంటుంటారు, అంత దగ్గర. తూర్పు కనుమలు పడమటి కనుమల్లాగా ఒకటే వరసగా ఉండవు, గోదావరీ కృష్ణా లాంటి నదులు మధ్యమధ్యలో కోసేస్తే ముక్కలు ముక్కలుగా మిగిలినవి, అలాంటి ముక్కల్లో ఒకటి ఇది. చుట్టూ ఊళ్ళు, ఫ్యాక్టరీలు, వెంచర్లు, హైవే, అయినా లోపల చిరుత ఉంది, నక్కలున్నాయి, అడవి పందులూ ముళ్ళపందులూ కుందేళ్ళూ ఉడుములూ నెమళ్ళూ ఉన్నాయి.

ఇంత పెద్ద అడవిలో ఒక మూల కాస్త మట్టి తీస్తే ఏమైపోతుందండీ అని నన్ను చాలామంది అడిగారు, అడగటంలో తప్పు లేదు, కాస్త వివరంగా చెప్తాను. చిరుతకి కొండ ఒక్కటే ఉంటే సరిపోదు. పగలు పైన బండల మధ్య పడుకుంటుంది, చీకటి పడ్డాక కిందకి దిగి చెరువు దాకా వచ్చి నీళ్ళు తాగి, దొరికితే ఏ పందిపిల్లనో కుక్కనో పట్టుకుని తెల్లారేలోపు మళ్ళీ పైకి పోతుంది. కొండకీ పొలాలకీ మధ్య తుప్పలూ ముళ్ళచెట్లూ ఉండే ఆ పట్టీయే దాని దారి, మన కళ్ళకి మాత్రం అది పనికిరాని ఖాళీ జాగా లాగా కనపడుతుంది. గ్రావెల్ కోసం ముందు పోయేది కూడా అదే, ఎందుకంటే లారీ కష్టపడకుండా వచ్చేది అక్కడిదాకానే. కొండ పాదం దగ్గర నిలువుగా కోసేశారనుకోండి, ఆ ఏడు వానకి పైన మట్టి జారుతుంది, చెట్టు వేరు బయటపడుతుంది, మరుసటి ఏడు ఇంకొంచెం జారుతుంది, అంటే జేసీబీ వెళ్ళిపోయాక కూడా తవ్వకం దానంతటదే నడుస్తూ ఉంటుంది. దిగే దారి పోయిన చిరుత ఎక్కడో ఒకచోట దిగాలి కదా, ఊళ్ళోకి దిగుతుంది, మర్నాడు టీవీలో చిరుత కలకలం అని స్క్రోలింగ్ వేస్తారు.

ఇక థాంక్స్. మొదట బొమ్మల కాలనీలో మా మామయ్యగారికి. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్న ఉన్నప్పటి నుంచీ అలా పిలుస్తున్నాం. నా పోస్ట్ చూసి మొట్టమొదట ఫోన్ చేసింది ఆయనే, అమ్మాయ్ అక్కడ మా చెట్లున్నాయి అన్నారు. కొండపల్లి బొమ్మకి కర్ర తెల్లపొణికే కావాలి, మెత్తగా ఉంటుంది, తేలిక, ఉలి పెడితే చీలిపోదు. నరికి తెచ్చి బాగా ఆరబెట్టి, చేతులు వేరుగా తల వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, అప్పుడు రంగులేస్తారు. ఈ ఊరి సరుకే అని చెప్పే జియోగ్రాఫికల్ ఇండికేషన్ గుర్తింపు వచ్చింది, బొమ్మకి పేరొచ్చింది, ఎయిర్‌పోర్టులో కూడా దశావతారాల సెట్టు కనపడుతోంది, కానీ చెట్టు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? అది ఈ రాళ్ళ వాలుల మీద పెరిగేది, పెరగటానికి ఏళ్ళు పడుతుంది, ఇప్పటికే దగ్గర్లో దొరక్క దూరం పోవాల్సొస్తోందని కళాకారులందరూ ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఆయన మోకాళ్ళ నొప్పులతోనే మాతో వచ్చి, తవ్వకం అంచున ఒక్కో చెట్టూ చేత్తో తట్టి చూపించారు. ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్ గారు వాటికి నంబర్లు వేయించారు. చిరుత కోసం అంటే నవ్వినవాళ్ళు కూడా పొణికి చెట్టు అనేసరికి సీరియస్ అయ్యారు, బొమ్మల కొలువు పెట్టని ఇల్లు మన దగ్గర ఎన్నుంటాయి మరి.

తర్వాత గొర్రెలు కాసే పెద్దాయనకి. ఈయన గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే అసలు కేసు నిలబడింది ఈయన వల్ల. అడవి హద్దు అనేది కాగితం మీద ఉంటుంది, నేల మీద సరిహద్దు రాళ్ళు ఉంటాయి. ఆ రాళ్ళు కొన్ని లేవు, ఎలా పోయాయో మీరే ఊహించుకోండి. అవతల వాళ్ళు ఇది పోరంబోకు, అడవి కాదు అంటారు, సర్వేయర్ గారేమో మొదటి గుర్తు దొరికితేగానీ టేపు పట్టలేం అంటారు. అందరం ఎండలో నిలబడి ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటుంటే ఈయన గొర్రెల్ని తోలుకుంటూ వచ్చి, ఏం వెతుకుతున్నారయ్యా అని అడిగి, నేరుగా ఒక కంప దగ్గరికి నడిచి కర్రతో తుప్పలు పక్కకి నెట్టి రాయి చూపించాడు. ఎలా గుర్తుంది తాతా అంటే, ఎందుకు గుర్తుండదు, ఈ రాయి దాటి మేపాడని మా అయ్యకి జరిమానా వేశారు అన్నాడు. ఆ కోపంతో గుర్తుపెట్టుకున్నారట, రెండు తరాలుగా. అక్కడి నుంచి వరసగా ఒక్కోటీ చూపించుకుంటూ పోయాడు, సర్వేయర్ గారికి పని తేలికైపోయింది.

నిజం చెప్పాలంటే ఈయనకీ ఫారెస్ట్ వాళ్ళకీ ఇప్పటికీ పడదు. గొర్రెలు వస్తే మొలకలు మిగలవు అని వాళ్ళ బాధ, మేత ఎక్కడికి పోయి తెచ్చుకోవాలి అని ఈయన బాధ, రెండూ అబద్ధం కాదు. కానీ కొండ పాదం పోతే మేత కూడా పోతుందని ఈయనకి మనకంటే ముందే తెలుసు. మాకు సాయం చేసినవాళ్ళలో జంతువుల మీద ప్రేమతో వచ్చినవాళ్ళు తక్కువండీ, ఒకరికి కర్ర కావాలి, ఒకరికి మేత కావాలి, ఒకరికి వరద భయం. వాళ్ళందర్నీ వన్యప్రాణి ప్రేమికులు అని ఫ్లెక్సీ వేస్తే వాళ్ళే నవ్వుతారు. అయినా నాకు ఈ కలయికే గట్టిది అనిపిస్తోంది, ప్రేమ ఉన్నవాళ్ళు రెండు ఆదివారాలు వచ్చి మానేస్తారు, అవసరం ఉన్నవాళ్ళు మానరు.

వరద అంటే గుర్తొచ్చింది, సింగ్ నగర్ పిన్నిలకి, అన్నయ్యలకి దండం. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి ఊరి మీదకి ఎలా వచ్చిందో విజయవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు, మేడ మీద కూర్చుని పాల ప్యాకెట్ కోసం పడవల వైపు చేతులూపినవాళ్ళం. ఆ బుడమేరు పుట్టేది మైలవరం వైపు కొండల్లో. గ్రావెల్ తవ్వకం వల్లే వరద వచ్చిందని నేను అనట్లేదు, అలా అంటే అబద్ధం, అంత వాన పడింది, వాగు నీళ్ళని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ ఛానల్ కట్టకి గండ్లు పడ్డాయి, ఆ గండ్లు పూడ్చటానికి ఆర్మీ కూడా రావాల్సొచ్చింది. కానీ కొండ మీద చెట్టు ఉంటే వాననీరు కాస్త ఆగి ఇంకి దిగుతుంది, బోడి కొండ మీద పడ్డ నీళ్ళు మట్టితో సహా ఒక్కసారే కిందకొచ్చి వాగుని పూడ్చేస్తాయి, ఈ మాత్రం సింగ్ నగర్‌లో చిన్నపిల్లాడు కూడా ఇప్పుడు చెప్తాడు. సోమవారం గ్రీవెన్స్‌కి కలెక్టరేట్‌కి మేం నలుగురం వెళ్దాం అనుకుంటే వీళ్ళు ఆటోలు మాట్లాడుకుని వచ్చేశారు. ఒక పిన్ని అయితే వరదలో పాడైన తన ఫ్రిజ్ ఫోటో పట్టుకొచ్చి చూపించింది, అర్జీకీ దానికీ సంబంధం లేకపోయినా ఎవరూ ఆమెని ఆపలేదు.

గుంటూరు లాయర్ మేడం ఒక్క రూపాయి ఫీజు తీసుకోలేదు. పది రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీతో రిజర్వ్ ఫారెస్ట్ నోటిఫికేషన్ కాపీ, మ్యాపు తెప్పించారు. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం రిజర్వ్ ఫారెస్టులో అడవికి సంబంధం లేని పని చేయాలంటే కేంద్రం అనుమతి ఉండాలి, ఊళ్ళో ఎవరో ఇచ్చిన కాగితం చెల్లదు, ఇది చాలామందికి తెలీదు, నాకూ మేడం చెప్పాకే తెలిసింది. ఇక్కడ పని కాకపోతే చెన్నైలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ బెంచికి వెళ్దాం అని పిటిషన్ కూడా రాసి పెట్టారు, దానికి కోర్టు ఫీజు వెయ్యి రూపాయలేనట, నేను లక్షలు అవుతాయనుకున్నా. అంతదాకా పోకుండానే సర్వే జరిగింది. ఒక ఆఫీసులో మా అర్జీ నెలలు కదల్లేదు, ఏ ఆఫీసో వదిలేయండి, కదిలించింది మాత్రం ఆర్టీఐ జవాబే.

జువాలజీ చదివే గుంటూరు పిల్లలు, మీరు లేకపోతే అడవిలో ఏముందో చూపించటానికి మా దగ్గర ఏమీ లేదు. ఫారెస్ట్ పర్మిషన్ తీసుకుని, జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా ట్రాప్‌లు అరువు తెచ్చుకుని, బీట్ ఆఫీసర్ గారితో కలిసి నీటి గుంటల దగ్గర కట్టారు. నక్క పడింది, ముళ్ళపంది పడింది, అడవి పిల్లి పడింది, ఒక మేక కెమెరానే నాకేసింది. చిరుత ఫోటో కూడా ఉంది, కానీ అది ఫారెస్ట్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, దయచేసి ఎవరూ అడగద్దు. లొకేషన్ బయటికి పొక్కితే మర్నాటికి రీల్స్ బ్యాచ్ వస్తుంది, ఆ వెనకే ఉచ్చులు పెట్టేవాళ్ళొస్తారు. పందుల కోసం పెట్టిన ఉచ్చుకి పందే పడాలని రూలేం లేదు కదా. ఈ పిల్లలే సర్వే అయిన వారం తుప్పల్లో తిరిగి దొరికిన తీగ ఉచ్చులన్నీ బీట్ ఆఫీసర్ గారికి అప్పజెప్పారు.

బీట్ ఆఫీసర్ గారి గురించి ఒక్క మాట. అంత అడవికి ఆయన చేతిలో ఉన్నది ఒక మోటార్ సైకిలూ ఇద్దరు ముగ్గురు వాచర్లూ. ఫిబ్రవరి నుంచి ఆకు రాలి ఎండిపోతుంది, ఒక్క బీడీ ముక్క చాలు. మార్చిలోపు ఫైర్ లైన్లు, అంటే మంట పాకకుండా ఆకూ గడ్డీ తీసేసిన పట్టీలు ఊడ్చాలి, మేలో సాసర్ పిట్లు, అంటే జంతువులు నీళ్ళు తాగే పళ్ళెంలాంటి తొట్లు నింపాలి, మధ్యలో కోర్టుకి వెళ్ళాలి. ఆయన మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళున్నారు, ఆయన పంచనామా మార్చలేదు.

సాయం చేస్తామని వచ్చిన కొందరు పెద్దలు ఇప్పుడు ఆ జాగా చదును చేసి ఎకో పార్కు, వ్యూ పాయింటు కట్టిద్దాం, జిప్ లైన్ పెడదాం అంటున్నారు. మనసు మంచిదే, చేతులెత్తి దండం పెడుతున్నా, కానీ వద్దండీ. గ్రావెల్ లారీ బదులు టూరిస్ట్ బస్సు వస్తే చిరుతకి తేడా ఏముంది? లైట్లు వేయకుండా, గోడ కట్టకుండా వదిలేస్తే చాలు, తుప్పలు వాటంతటవే వస్తాయి. వాలు మాత్రం సరిచేయాలి, రాళ్ళతో చెక్ డ్యాముల్లాంటివి కడతామని ఫారెస్ట్ వాళ్ళు చెప్పారు. నల్లమలలో చూడండి, శ్రీశైలం వెళ్ళే దోర్నాల ఘాట్‌లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారు, దేవుడి దగ్గరికి పోయేవాళ్ళు కూడా చెక్‌పోస్ట్ దగ్గర ఆగుతారు, ఎవరికీ పుణ్యం తగ్గలేదు. 2019లో అదే నల్లమలలో యురేనియం కోసం వెతుకుతాం అన్నప్పుడు చెంచుల దగ్గర్నుంచి సినిమా వాళ్ళ దాకా వద్దంటే తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మనది అంత పెద్ద అడవీ కాదు, పులులూ లేవు, అందుకే మన గురించి హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఎవరూ పోస్ట్ పెట్టరు, మనమే పెట్టుకోవాలి.

ఇంకా చాలామంది ఉన్నారు, టీలూ మజ్జిగా పంపిన ఇబ్రహీంపట్నం హోటల్ అన్న, మ్యాపులు ఉచితంగా ప్రింట్ తీసిచ్చిన బీసెంట్ రోడ్డు జెరాక్స్ తమ్ముడు, సర్వే రోజు పెద్దాయన మందని సాయంత్రం దాకా కాసిన తండా కుర్రాళ్ళు. పేర్లు రాయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ రాయలేదు, మీకు తెలుసు మీరెవరో.

మీరిచ్చిన డబ్బుల లెక్క గ్రూపులో పెట్టాను, చూసుకోండి, అర్థం కాకపోతే ఫోన్ చేయండి. మిగిలింది వచ్చే వేసవిలో సాసర్ పిట్లకి ట్యాంకర్ నీళ్ళ కోసం ఉంచుదాం అనుకుంటున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. ట్యాంకర్ అన్న తన బండి డీజిల్ ఖర్చుకే ఇస్తానన్నాడు, డ్రైవర్ మాత్రం మనమే చూసుకోవాలంట, హెవీ లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టండి, ఫైర్ లైన్లకి వచ్చేవాళ్ళు చీపురు కాదు, పార తెచ్చుకోండి.