గుట్ట బాటలో ముందు దారి గంపదే

సంపాదకుడికి,

దసరా దాటిందంటే మా బాలానగర్, జడ్చర్ల చుట్టుపక్కల గుట్టల్లో సీతాఫలాల సందడి. తెల్లారకముందే ఆడవాళ్లు గంపలతో గుట్టెక్కుతారు, ఎండ ముదిరేలోపు దిగివచ్చి 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కుప్పలు పోసి అమ్ముకుంటారు. ఈమధ్య ఆదివారాలు అదే బాటల మీదికి హైదరాబాద్ నుంచి యువకులు కార్లకు సైకిళ్లు కట్టుకొని వస్తున్నారు. నేనూ నాలుగేళ్లుగా గేర్ల సైకిల్ తొక్కుతున్నాను. వాళ్లను రావద్దని ఎట్లా అంటాను? గుట్ట దిగేటప్పుడు కలిగే ఆనందం నాకు తెలియనిది కాదు.

మొన్నటి ఆదివారం మా చిన్నమ్మ నిండు గంపతో దిగుతోంది. చుట్టబట్ట మీద గంప నిలవాలంటే మెడ తిప్పకూడదు, అడుగు తడబడకూడదు. వెనుక సైకిల్ వస్తున్న సంగతి అది పక్కకు వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. ఉలిక్కిపడి బాట అంచుకు జరిగింది, కాలు మొరం మీద జారింది. మోకాలు చెక్కుకుపోయింది. మెత్తబడ్డ పండ్లన్నీ రాళ్ల మీద చితికిపోయాయి. ఆ అబ్బాయి సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చాడు, ఆమెను లేపి తన సీసాలోని నీళ్లతో గాయం కడిగాడు. మంచి పిల్లవాడే. "చెవుల్లో పాటలున్నాయమ్మా, చూసుకోలేదు" అన్నాడట. ఆ మాటే నన్ను ఈ లేఖ రాయించింది.

గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. మలుపులో మనిషి కనిపించి, వేళ్లు బ్రేకు నొక్కేలోపే ఆ దూరం అయిపోతుంది. పైగా మాది మొరం నేల. గట్టిగా బ్రేకు వేస్తే గులకరాళ్లు గోళీల్లా దొర్లుతాయి. చక్రం ఆగుతుంది గానీ సైకిల్ ఆగదు. అందుకే ముందేముందో కనిపించని మలుపు దగ్గర, ఆగగలిగినంత నెమ్మదిగానే రావాలి.

దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలన్న మర్యాద సైకిలిస్టుల్లో చాలామందికి తెలుసు. నడిచే మనిషి గానీ పశువు గానీ ఎదురైతే, ఎక్కుతున్నా దిగుతున్నా ఆగాల్సింది సైకిలేనన్నది మాత్రం మరిచిపోతున్నారు. వెనుక నుంచి వస్తే దూరాన్నే గంట కొట్టండి, లేదా "అక్కా, సైకిల్ వస్తున్నది" అని ఒక్క కేక వేయండి. ఆమె సర్దుకొని నిలబడ్డాకే దాటండి. మేకల మంద కనిపిస్తే దిగి పక్కన నిలబడండి. మధ్యలోంచి దూరితే మంద చెదిరిపోతుంది, వాటిని మళ్లించేసరికి కాపరికి పూట గడిచిపోతుంది. రెండు చెవులూ మూసుకొని మాత్రం గుట్ట మీదికి రావద్దు. ఒంటరిగానూ రావద్దు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

వాన పడ్డ మర్నాడు కూడా ఆగాలి. తడి నేలలో టైరు కోసిన గాడి, తర్వాతి వానకు కాలువవుతుంది. ఏటా అదే బాటన నడిచేవాళ్లకు అక్కడే కాలు మడత పడుతుంది.

పంచాయతీలు, అటవీ శాఖవారు కలిసి గుట్ట మొదట్లో తెలుగులో, ఇంగ్లిషులో ఒక బోర్డు పెట్టించాలని కోరుతున్నాను. పండ్లు దించే ఈ రోజుల్లో ఉదయం తొమ్మిది దాటాకే సైకిళ్లు గుట్టెక్కాలని అందులో రాయించాలి. మా చిన్నమ్మ మోకాలికి కట్టుతోనే మళ్లీ గుట్టకు పోతోంది. ఆమెకు ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు వచ్చేది ఈ కొద్ది వారాలే.

- ఒక పాఠకుడు, జడ్చర్ల